విమానమున సామాను తూనిక

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరుచు, "సెలవులలో అండమాను వెళ్లివచ్చితిరి గదా, అచ్చటి సముద్రమును గూర్చియో, చెరసాలను గూర్చియో వ్రాయుడు" అని సూచించిరి. సముద్రమును నాకంటె బాగుగా వర్ణింపగలవారు మనలో పెక్కురు కలరు. సెల్యులరు జైలు సంగతులు చరిత్ర పుస్తకములందు చదువుకొనవచ్చును. నేను వ్రాయదలచినది ఆ ప్రయాణములో మొదట నాకు మిక్కిలి చిన్నదిగా కనబడి, తరువాత మిక్కిలి పెద్దదైన యొక విషయము. అదియే విమానమున సామాను తూనిక. లెక్కల ఉపాధ్యాయుడు తూనికను గూర్చి వ్రాయుట వింత గాదు. ఆ లెక్కలో అతడే తప్పుట వింత. ఆ తప్పును దాచక చెప్పినయెడల మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొంత ఉపయోగము కలుగునని తలంచి దీనిని వ్రాయుచున్నాను.

మా అక్క కాపురము అండమాను దీవులలోని పోర్ట్ బ్లెయిరు పట్టణమందు. 2024వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ప్రభుత్వమువారు ఆ పట్టణమునకు శ్రీవిజయపురమని పేరు మార్చిరి గాని, మా యింటిలో ఇప్పటికిని పాత పేరే వాడుక. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి బ్రతుకుతెరువునకై అచ్చటికి పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. మా బావగారి కుటుంబమును అట్టిదే. పెండ్లియైన యేట మా అక్క విశాఖపట్టణమున ఓడ యెక్కి వెళ్లెను. ఆ ఓడ మూడు దినములు ప్రయాణము చేసెను. ఆనాడు ఆమెతోకూడ ఒక ట్రంకుపెట్టె, బియ్యపు బస్తా, రోలు, రోకలి, రెండు జాడీల పచ్చళ్లు పోయినవి. ఎవరును తూచలేదు, ఎవరును అడుగలేదు. మా అమ్మకు ప్రయాణమనగా అప్పటినుండియు అదియే గుర్తు.

గత సంక్రాంతి సెలవులలో నేనును, నా భార్యయు అండమాను వెళ్లుటకు నిశ్చయించుకొని, మూడు నెలలు ముందుగనే చెన్నైనుండి విమానమునకు టిక్కెట్లు కొంటిమి. మా అమ్మ మొదట రానన్నది. డెబ్బది రెండేండ్ల వయసున గాలిలో ఎగురుట తనకేల యన్నది. తీర పది దినములు ముందు, ఒక రాత్రి అక్కతో ఫోనులో మాటలాడిన పిమ్మట, "నేనును వచ్చెదను నాయనా, ఒకసారి దాని యిల్లు చూచెదను" అనెను. నేను సంతోషించి ఆమెకు వేరుగా మఱియొక టిక్కెట్టు కొంటిని. అదృష్టవశమున అదే విమానమున చోటు దొరకినది. ఈ "వేరుగా" అను మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ టిక్కెట్టుపైన స్పష్టముగా వ్రాయబడియుండెను: విమానము అడుగున నుంచు సామాను 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు. మన దేశములో ఒక ఊరినుండి మఱియొక ఊరికి పోవు సాధారణపు టిక్కెట్లకు చాలవఱకు ఇదియే పరిమితి. విదేశములకు పోవునపుడు వేఱు పద్ధతులు కలవు. కొన్ని దేశములకు మొత్తము ఇన్ని కిలోలని లెక్క. అమెరికా వంటి దేశములకు ఇన్ని పెట్టెలని లెక్క. అట్టి పెట్టె యొకటి సాధారణముగా 23 కిలోలు మించరాదు. ఏల 23 అందురేమో. అది వారి తూనికలో 50 పౌనులకు దగ్గఱి సంఖ్య. ఈ సంగతులన్నియు నాకు తెలియును. తెలిసియు నేను మా అమ్మతో చెప్పినది ఒక్కమాట: "ఎక్కువ సామాను పెట్టుకొనకుము" అని మాత్రమే. ఎక్కువ యనగా ఎంతయో చెప్పలేదు. తరగతిలో పిల్లవాడు జవాబునకు ప్రక్కన కిలోలని గాని, గ్రాములని గాని వ్రాయనిచో మార్కు తగ్గించు నేను, నా తల్లికి అంకె లేని లెక్క నిచ్చితిని.

ఆమె తన లెక్క తాను చేసికొన్నది. పోయిన వేసవిలో పెట్టిన ఆవకాయ 3 కిలోలు, మాగాయ ఒక కిలో, అనకాపల్లి బెల్లము 3 కిలోలు, పలాస జీడిపప్పు 2 కిలోలు, అరిసెలు 3 కిలోలు, జంతికలు ఒక కిలో, తంపట వేసిన తేగలు 2 కిలోలు. అరిసెలకు ఆమె రెండు దినములు పిండి కొట్టించినది. తేగలు మా అక్కకు చిన్నప్పటినుండి ప్రాణము. ఆ దీవిలో అవి దొరకవని ఎవరో చెప్పిరట. ఇవన్నియు ఒక పెట్టెలో సర్ది, పైన తన బట్టలు పెట్టి, తాడుతో రెండు చుట్లు కట్టినది. నేను ఆ పెట్టెను ఒకసారి ఎత్తి, "కొంచెము బరువే" అని, మఱల నేల పెట్టితిని. మా వీధి చివర కిరాణాకొట్టులో త్రాసు కలదు. అచ్చటికి నూరడుగులు నడువలేదు.

చెన్నై విమానాశ్రయమున కౌంటరువద్ద వరుస పొడవుగా నుండెను. సెలవుల కాలమగుటచే పిల్లలతో, టోపీలతో, నీటి బుడగల బొమ్మలతో ప్రయాణికులు క్రిక్కిఱిసియుండిరి. ముందుగా నేను మా యిద్దఱి పెట్టెలను త్రాసుపై నుంచితిని. నాది 12 కిలోలు, నా భార్యది 13 కిలోలు. అవి చీటీలు కట్టించుకొని, కదలు పట్టీపై లోపలికి పోయినవి. నేను గర్వముతో వెనుకకు తిరిగి మా అమ్మ పెట్టెను ఎత్తి పెట్టితిని. ఎఱ్ఱని అంకెలు ఒక క్షణము ఊగి 22వద్ద నిలిచినవి.

"ఏడు కిలోలు ఎక్కువగా నున్నవండీ. కిలోకు 550 రూపాయలు" అని కౌంటరులోని యమ్మాయి మర్యాదగనే చెప్పినది. ఏడు అయిదువందల యేబదులు మూడువేల ఎనిమిదివందల యేబది. ఈ గుణకారము మాత్రము నేను తప్పు చేయలేదు.

"మా యిద్దఱి పెట్టెలలో కలిపి అయిదు కిలోల చోటు మిగిలియున్నది గదా, దానిని ఇందులో లెక్కించుడు" అని వాదించితిని. ఒకే టిక్కెట్టుపై నున్నవారి సామాను కలిపి లెక్కించవచ్చుననియు, అమ్మగారి టిక్కెట్టు వేరుగా నున్నది గనుక వీలులేదనియు ఆమె చెప్పినది. పోనీ, కొన్ని వస్తువులను మా పెట్టెలలోనికి మార్చెదమనిన, అవి అప్పుడే లోపలికి పోయినవి. చేతిసంచిలో చోటున్నచో కొంత అందులో పెట్టుకొనవచ్చునని ఆమెయే ఉపాయము చెప్పినది. మా అమ్మ గుడ్డసంచి 4 కిలోలుండెను. ఇంక 3 కిలోలు పట్టును. అయితే నూనె పచ్చళ్లను చేతిసంచిలో తీసికొనిపోనీయరు. కనుక బెల్లము అందులోనికి పోయినది. ఇంకను నాలుగు కిలోలు మిగిలినవి. నాలుగు అయిదువందల యేబదులు రెండువేల రెండువందలు.

ఆ సొమ్ము నా జేబులో నున్నది. ఈ సంగతిని ఇచ్చట వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది గాని, వ్రాయకున్నచో ఈ వ్యాసమునకు అర్థము లేదు. వెనుకనున్నవారు విసుగుకొనుచుండిరి. నాకు కోపము వచ్చినది. "నాలుగు కిలోలు తీసివేయుమమ్మా! ఇన్ని యెవరు తెమ్మనిరి? ఊరక డబ్బు పారవేయుటకు నేను సిద్ధముగా లేను" అని నలుగురు వినునట్లు అంటిని. నా భార్య నా చేయి పట్టుకొని వారింపబోయినది. నేను వినలేదు.

మా అమ్మ మాఱుమాటాడలేదు. పెట్టెను ప్రక్కకు జరుపుకొని, నున్నని ఆ నేలపై కూర్చుండి, తాడు విప్పినది. నేను గడియారమును చూచుకొనుచు అటువైపు తిరిగి నిలుచుంటిని. కొంతసేపటికి, "ఇప్పుడు తూచుము నాయనా" అనెను. ఎత్తి పెట్టితిని. సరిగా 15. "చూచితివా, ముందే యిట్లు చేసియుండిన నీకును నాకును ఈ శ్రమ లేకపోవును గదా!" అని నేను ఉపదేశము గూడ చేసితిని. తీసిన మూటను ఆమె అచ్చట నేల తుడుచుచున్న యొక స్త్రీకి ఇచ్చి, చేతితో ఏదో సైగ చేయుచు మాటలాడుచుండెను. ఆ స్త్రీకి తెలుగు రాదు, ఈమెకు అరవము రాదు. అయినను ఇద్దఱును ఒకరినొకరు గ్రహించినట్లే యుండెను.

విమానము రెండు గంటలకు కొంచెము పైగా ఎగిరినది. మేఘములను, క్రింద నీలముగా నున్న సముద్రమును చూచి మా అమ్మ చిన్నపిల్లవలె సంతోషించినది. నేనును కోపము మఱచితిని. అక్క యింటికి చేరగనే పెట్టె విప్పిరి. ఆవకాయ, మాగాయ, అరిసెలు, తేగలు అన్నియు క్షేమముగా నుండెను. మా అక్క తేగలను ఒడిలో పెట్టుకొని నవ్వినది, ఏడ్చినది. మఱునాటి ఉదయమున మంచినీళ్లు ఇచ్చుచు, "అమ్మా, నీ చెంబేదీ?" అని యడిగెను. మా అమ్మ ఎచ్చటికి పోయినను తన ఇత్తడి చెంబును వెంట తీసికొనిపోవును. దానితోడనే నీళ్లు త్రాగును. నేను పుట్టకమునుపటినుండియు అది మా యింటనున్నది. "తొందరలో ఇంటివద్ద మఱచితినే" అని ఆమె జవాబు చెప్పినది.

ఆమె ఆ చెంబును సర్దుట నేను కన్నులార చూచితిని. అప్పుడు నాకు లెక్క తోచినది. పచ్చళ్లు 4, జీడిపప్పు 2, అరిసెలు 3, జంతికలు 1, తేగలు 2, మొత్తము 12. ఖాళీ పెట్టె 3. పదునైదు. పెట్టె సరిగా 15 తూగినదనగా, అందులో మా అమ్మది ఒక్క వస్తువైనను మిగులలేదన్నమాట. ఆమె తీసివేసిన నాలుగు కిలోలలో మూడు చీరలు, మోకాళ్ల నొప్పులకు రాత్రులు కప్పుకొను ఉన్ని రగ్గు, ఆ ఇత్తడి చెంబు ఉండెను. కూతురికి తెచ్చినదానిలో ఒక్క అరిసె గూడ ఆమె తీయలేదు. కట్టుకొన్న చీర గాక, చేతిసంచిలో మఱియొకటి మాత్రము ఆమెకు మిగిలినది. ఆ దినముననే నేను అద్దపు అడుగుగల పడవలో పగడపు దిబ్బలను చూచుటకు అందఱకును టిక్కెట్లు కొని, రెండువేల రెండువందలకంటె ఎక్కువ సొమ్ము చెల్లించితిని. ఆ అద్దములో రంగురంగుల చేపలు కనబడినవని అందఱును అనిరి. నాకు ఏమి కనబడినదో చెప్పజాలను.

ఆ సాయంకాలము నా కోపము ఆ విమాన సంస్థవైపు తిరిగినది. మనుష్యుని తప్పు మనుష్యునికి కనబడినపుడు, దానిని పెట్టుటకు మఱియొకరి నెత్తికై వెదకుట సహజము గదా. "ఏడు కిలోలకు ఇంత రగడ యేల? అంత పెద్ద విమానమునకు ఇదియొక బరువా?" అని బావగారితో అనుచుంటిని. పొరుగింటి యువకుడొకడు అది వినెను. అతడు మా జిల్లావాడే. విమానాశ్రయమున సామాను ఎక్కించు పనిలో నున్నవాడు. "మాస్టారూ, మా విమానములో 180 మంది కూర్చుందురు. మనిషికి 15 కిలోలైన ఎంతయో మీరే చెప్పుడు" అనెను. రెండువేల ఏడువందల కిలోలంటిని. "అందఱును మీ అమ్మగారివలెనే ఏడేసి కిలోలు ఎక్కువ తెచ్చిన?" మఱి వేయి రెండువందల అఱువది కిలోలు. "అది అంతయు మా చేతులమీదుగనే పోవలెను" అని, అతడు తమ పని తీరును వివరించెను.

ఇట్టి మధ్యరకపు విమానముల అడుగుభాగము ఎత్తు తక్కువ. మనిషి నిలువుగా నిలుచుటకు వీలులేదు. కొందఱు క్రిందనుండి పెట్టెలను పట్టీపై వేయుచుండగా, లోపల ఒకరిద్దఱు మోకాళ్లపై నుండి, వంగి, ఒక్కొక్క పెట్టెను లాగి, పేర్చుచుందురు. నిలుచుండి ఎత్తు బరువు వేఱు, వంగి మోకాళ్లపై నుండి ఎత్తు బరువు వేఱు. నడుము నొప్పి ఆ వృత్తికి తోబుట్టువు. ఈ కారణముచేతనే, రుసుము ఎంత చెల్లించినను, ఒక్క పెట్టె 32 కిలోలకు మించినచో చాల సంస్థలు తీసికొనవు. దానిని రెండు పెట్టెలుగా విడదీయవలసినదే. అతడు తన అరచేతులను చూపించెను. త్రాసుపైన అంకె మనకు రుసుముగా కనబడును. అతనికి అది నడుముగా కనబడును. ఈ మాట నేను అంతకుముందు ఎన్నడును తలపలేదు.

మఱియొక కారణము ఇంకను గంభీరమైనది. విమానము ఆకాశమున నిలుచుట తక్కెడ తూగుటవంటిది. మొత్తము బరువు ఎంతయని మాత్రమే కాదు, ఆ బరువు ముందువైపు ఎంత, వెనుకవైపు ఎంతయని గూడ చూడవలెను. బయలుదేరుటకు ముందు ఇంధనము, మనుష్యులు, సామాను అన్నియు లెక్క వేసి, విమానము నడుపువానికి ఒక పత్రము నిత్తురు. తొలినాళ్ల చిన్న విమానములలో ప్రయాణికులనే త్రాసుపై నిలిపి తూచెడివారు. ఇప్పుడు చాల విమానములలో మనుష్యులను తూచరు. సగటు బరువును పట్టి లెక్కింతురు. ఆ సగటు నిజమేనా యని పరీక్షించుటకే 2024వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు ఫిన్నెయిర్ సంస్థ హెల్సింకీలో ఇష్టపడి ముందుకు వచ్చిన ప్రయాణికులను వారి చేతిసంచులతో కూడ తూచినది. 2013లో సమోవా దీవులలోని సమోవా ఎయిర్ అను చిన్న సంస్థ మనిషియు, సామానును కలిపి ఎన్ని కిలోలైన అన్ని కిలోలకు టిక్కెట్టు వసూలు చేయుట మొదలుపెట్టెను.

లెక్క తప్పిన నేమగునో చెప్పు ఉదాహరణ మొకటి కలదు. 2003వ సంవత్సరము జనవరి 8వ తేదీన అమెరికాలోని షార్లట్ నగరమున ఒక చిన్న విమానము నేల విడిచిన కొద్దిసేపటికే కూలి, అందులోని 21 మందియు మరణించిరి. దాని తోక భాగమును త్రిప్పు తీగను మరమ్మతులో సరిగా బిగించకపోవుట ఒక కారణము. అందులోని బరువు వెనుకవైపునకు హద్దు మించి యుండుట మఱియొక కారణము. మనుష్యులయొక్కయు, సామానుయొక్కయు సగటు బరువులని అంతవఱకు వాడుచున్న అంకెలు నిజమునకు తక్కువగా నుండెనని విచారణలో తేలినది. తరువాత అచ్చటి ప్రభుత్వము ఆ సగటులను పెంచినది. కాగితముపైన నొక అంకె తప్పిన, ఆకాశములో ప్రాణము పోవచ్చునని దీనివలన తెలియుచున్నది. లెక్కలు దేనికి పనికివచ్చునని నన్నడుగు విద్యార్థులు దీనిని గమనింతురు గాక.

ఇంధనము సంగతి గూడ చూతము. విమానములో అధికముగా నున్న బరువులో నూటికి సుమారు మూడు నాలుగు వంతుల బరువుగల ఇంధనము, ఆ బరువును మోయుటకే గంటకు ఖర్చగునని అంచనా. మా అమ్మ తెచ్చిన అదనపు 7 కిలోలకు, గంటకు నూటికి మూడు చొప్పున, రెండు గంటలకు 420 గ్రాములు. అనగా సుమారు అర లీటరు. దాని ఖరీదు నూరు రూపాయలకు లోపే. అయినచో 3,850 రూపాయలు ఏల అడిగిరి? ఇచ్చట నిజము నిజముగా చెప్పవలెను. ఆ రుసుము ఇంధనపు ఖర్చు మాత్రమే కాదు. ఎక్కువ సామాను తేకుండ భయపెట్టుట కొంత, వ్యాపారము కొంత.

ఆ వ్యాపారమునకును చరిత్ర కలదు. పూర్వము టిక్కెట్టు ధరలోనే సామాను, భోజనము అన్నియు కలిసియుండెడివి. తక్కువ ధర సంస్థలు వచ్చి ఒక్కొక్కదానిని విడదీసి అమ్మసాగినవి. యూరపులో ర్యానెయిర్ సంస్థ 2006లో విమానము అడుగున నుంచు పెట్టెలకు రుసుము పెట్టినది. 2008లో ముడిచమురు ధర పీపాకు 147 డాలర్ల వఱకు ఎగబ్రాకినపుడు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ మొదటి పెట్టెకే 15 డాలర్ల రుసుము విధించినది. ఇతర సంస్థలు పెక్కు దాని వెంట నడచినవి. చమురు ధర తరువాత దిగినది గాని, రుసుము దిగలేదు. చిరకాలము రెండు పెట్టెలను ఉచితముగా తీసికొనిపోయిన సౌత్‌వెస్ట్ సంస్థ గూడ 2025 మే మాసము చివరనుండి చాల టిక్కెట్లకు ఆ సదుపాయమును తీసివేసినది. ఒకవైపు చూచిన ఇది న్యాయమే: చేతిసంచితో పోవువాడు మూడు పెట్టెలవాని ఖర్చును ఏల భరింపవలెను? మఱియొకవైపు చూచిన, టిక్కెట్టు ధర చూచి సంతోషించి కొన్న బీదవాడు కౌంటరువద్ద ఆ సంతోషమును పోగొట్టుకొనుచున్నాడు. అది తెలియనివాని వద్దనుండియే ఎక్కువ సొమ్ము వసూలగుచున్నది. తెలిసినవాడు ముందుగనే తక్కువ ధరకు కొనుచున్నాడు.

ఆ తెలిసినవాడను నేనే. తెలిసియు చేయనివాడను నేనే. ఈ దోషము సంస్థది కాదు, కౌంటరులోని అమ్మాయిది కాదు, మా అమ్మది అసలే కాదు. అంకె తెలిసినవాడు అంకె తెలియనివారికి ముందుగా చెప్పవలెను. మన యిండ్లలో టిక్కెట్టు చదువగలవారు ఇప్పుడు చాలవఱకు పిల్లలే. కావున ఈ క్రింది మాటలను వారిని ఉద్దేశించి వ్రాయుచున్నాను.

ప్రియ విద్యార్థులారా! మీ తల్లిదండ్రులు గాని, అవ్వతాతలు గాని విమాన ప్రయాణమునకు సిద్ధపడునపుడు, టిక్కెట్టుపైన సామాను పరిమితి ఎంతయో చదివి, వారికి కిలోలలో చెప్పుడు. ఇంటిలోని అందఱకును ఒకే టిక్కెట్టుపై కొనుట మేలు. అప్పుడు ఒకరి చోటు ఒకరికి ఉపయోగపడును. బయలుదేరుటకు రెండు దినములు ముందు పెట్టెను తూచుడు. కొక్కెముతో వ్రేలాడదీసి తూచు చిన్న త్రాసులు ఇప్పుడు చౌకగనే దొరకును. లేనిచో కిరాణాకొట్టు త్రాసు చాలును. ఖాళీ పెట్టెకు గూడ బరువుండునని మఱవకుడు. ఎక్కువ అవసరమైనచో ముందుగనే అదనపు కిలోలు కొనుడు. చాల సంస్థలలో కౌంటరువద్దకంటె అది చౌక. అందఱి పెట్టెలును తూచిన పిమ్మటనే మొదటి పెట్టెను లోపలికి పంపుడు. ఫోనులకు విద్యుత్తు నిచ్చు పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో పెట్టరాదు; చేతిసంచిలోనే ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, కౌంటరువద్ద ఏదైన తప్పినచో, రుసుమునకు భయపడి మీ వారిని నలుగురిలో చిన్నబుచ్చకుడు. ఆ రుసుమును సంపాదించుకొనవచ్చును. ఆ మాటను వెనుకకు తీసికొనలేము.

తిరుగు ప్రయాణమునకు ముందు నేను మా బావగారి దుకాణమునుండి త్రాసు తెచ్చి, పెట్టెలన్నియు తూచితిని. మా అమ్మ టిక్కెట్టుకు అయిదు కిలోలు ముందుగనే కొంటిని. మా అక్క తన పెరటి కొబ్బరిని ఎండబెట్టి ఒక సంచి నిండ ఇవ్వబోగా, ఆ పొరుగింటి యువకుడు వారించెను. ఎండుకొబ్బరిలోని నూనెవలన అది తనంతట తానే వేడెక్కి అంటుకొనవచ్చుననియు, అందుచే విమానములలో దానిని అనుమతింపరనియు చెప్పెను. తిండి వస్తువు గూడ నిప్పు కాగలదని మేమందఱము ఆశ్చర్యపడితిమి. దానికి బదులుగా మా అక్క ఒక పాత దుప్పటిని, రెండు చీరలను అమ్మ పెట్టెలో పెట్టినది. అమ్మ వద్దనలేదు; నావైపు ఒకసారి చూచి ఊరకుండెను. ఆ చూపును తప్పించుకొనుటకు నేను త్రాసును మడచి ప్రక్కన పెట్టితిని.

బయలుదేరుదినమున ఉదయమే నేను అచ్చటి బజారునకు పోయి ఇత్తడి చెంబుకొఱకు వెదకితిని. మూడు దుకాణములు తిరిగినను దొరకలేదు. తుదకు ఒక స్టీలు చెంబును కొని తెచ్చి, ఏమియు చెప్పలేక ఆమె చేతిలో పెట్టితిని. చెన్నైలో జరిగినది నాకు తెలిసినదని ఆమె అప్పుడు గ్రహించినది. ఆ చెంబును అటునిటు త్రిప్పి చూచి, చేతిలో ఒకసారి ఎగురవేసినట్లు తూచి, "ఇది తేలికగా నున్నది నాయనా. విమానమునకు ఇదియే మేలు" అనెను.

ఇప్పుడు ఎనిమిదవ తరగతిలో తూనికల లెక్కలు చెప్పునపుడెల్ల నాకా మాట జ్ఞాపకమునకు వచ్చుచున్నది. మా అమ్మ ఆ స్టీలు చెంబుతోనే నీళ్లు త్రాగుచున్నది. పాతదానిని గూర్చి ఆమె ఇంతవఱకు ఒక్కమాటయు అనలేదు.